నిద్రపోయిందా, పోయిందా? వ్యానులో అడుగంటిన లిథియం బ్యాటరీని లేపడం గురించి

మీరు రాసిన పరిస్థితి నాకు అర్థమైనంతవరకు ఇది: క్యాంపర్ వ్యానును మూడు నెలలు కదపలేదు. సీటు కింద రెండు 100 ఏహెచ్ (ఆంపియర్ గంటల) లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీలు సమాంతరంగా ఉన్నాయి. ఇప్పుడు దీపం కూడా వెలగడం లేదు. రెండింటినీ విడదీసి మల్టీమీటర్ పెడితే ఒకటి 1.8 వోల్టులు, రెండోది 6.3 వోల్టులు చూపిస్తోంది. చార్జర్ తగిలిస్తే బ్యాటరీ లేదన్నట్టు ఎర్రదీపం వెలుగుతోంది. ఇంజిను బ్యాటరీ నుంచి జంపర్ వైర్లు కలిపితే లేస్తుందని ఎవరో చెప్పారు, కలపవచ్చా అని అడిగారు.

ఇంకా కలపకపోయి ఉంటే కలపకండి. లేవదని కాదు ఈ మాట అనడం. చాలాసార్లు లేస్తుంది, చిక్కంతా అక్కడే ఉంది. లేచిన బ్యాటరీ బాగుందనుకుని, దాన్ని మంచం కింద పెట్టుకుని, దానిమీదే పడుకునే వాళ్లను చూశాను. బ్యాటరీ లేవడం వేరు, కోలుకోవడం వేరు.

ముందు ఆ 1.8, 6.3 అంకెల సంగతి చూద్దాం. వాటిని చూసి దిగులు పడకండి, ఆశా పెట్టుకోకండి. బ్యాటరీ డబ్బాలో నాలుగు సెల్‌లు వరుసగా ఉంటాయి, వాటికీ బయటి టెర్మినళ్లకూ మధ్య బీఎంఎస్ అనే కాపలా బోర్డు ఉంటుంది. ఏ ఒక్క సెల్ అయినా దాదాపు 2.5 వోల్టులకు దిగితే ఆ బోర్డు మాస్‌ఫెట్లను, అంటే కరెంటుకు దారి ఇచ్చే ఎలక్ట్రానిక్ స్విచ్‌లను, ఆపి దారి మూసేస్తుంది. మీరు బయట కొలిచేది మూసిన తలుపు సందులోంచి కారే కొద్దిపాటి లీకేజీని మాత్రమే. మల్టీమీటరు చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి ఆ లీకేజీ కూడా వోల్టేజీలాగా కనిపిస్తుంది. బయట 0.4 చూపించిన డబ్బా లోపల 11 వోల్టులు భద్రంగా ఉండటం చూశాను. కాబట్టి 6.3 చూపించేది 1.8 చూపించే దానికంటే మెరుగని చెప్పడానికి లేదు.

చార్జర్ కూడా ఇక్కడే మోసపోతుంది. అవతల వోల్టేజీ కనబడితే తప్ప కరెంటు పంపకూడదని చాలా చార్జర్లను తయారుచేస్తారు. తలుపు మూసి ఉంది కాబట్టి దానికి బ్యాటరీ కనబడదు. బ్యాటరీ ఏమో చార్జర్ వస్తే గాని తలుపు తీయదు. నువ్వు ముందంటే నువ్వు ముందని రెండూ కూర్చున్నాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న: తలుపు ఎన్నాళ్ల కిందట మూసుకుంది? మీరు ఇది రాయలేదు, నాకు మాత్రం అన్నిటికంటే ముందు కావలసింది ఇదే. లెక్క వేసి చూడండి. గ్యాస్ లీకు అలారం ఒక్కటే నడుస్తూ ఉండిపోయిందనుకుందాం. అది సుమారు 0.1 ఆంపియరు తీసుకుంటే రోజుకు 2.4 ఏహెచ్. నిండుగా ఉన్న 200 ఏహెచ్ ఖాళీ కావడానికి ఎనభై మూడు రోజులు పడుతుంది. అంటే మీ బ్యాటరీలు ఆగిపోయి వారమే అయి ఉంటుంది, లోపల ఇంకా ప్రాణం ఉంటుంది. అలా కాక పెద్ద ఇన్వర్టర్‌ను ఆపకుండా వదిలేశారనుకుందాం. ఏ పనీ చేయకుండా ఊరికే ఉన్నా అది ఒక ఆంపియరు దాకా తాగుతుంది, రోజుకు 24 ఏహెచ్. తొమ్మిది రోజులు తిరక్కముందే అంతా అయిపోతుంది. మిగిలిన ఎనభై రోజులూ ఏం జరిగిందన్నదే భయపెట్టే సంగతి.

ఎందుకంటే కాపలా బోర్డుకూ తిండి కావాలి, అది తినేది లోపలి సెల్‌ల నుంచే. బయటి తలుపు మూసినా తను మాత్రం తింటూనే ఉంటుంది. బ్లూటూత్ ఉన్న మామూలు బోర్డు 15 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటే రోజుకు 0.36 ఏహెచ్. తలుపు మూసిన నాటికి లోపల మూడు ఏహెచ్ మిగిలిందనుకుంటే అది ఎనిమిది రోజులకు సరిపోతుంది. మంచి బోర్డులు ఇంకాస్త కిందికి దిగాక తమను తాము కూడా ఆపేసుకుంటాయి. అన్నీ అలా చేయవు. బ్యాటరీని చంపకుండా చూడవలసిన వస్తువే చివరి చుక్క దాకా తాగేసిన సందర్భాలు నేను చూసిన పాడైన డబ్బాల్లో తక్కువేమీ కాదు.

అంత దిగితే సెల్‌లో ఏమవుతుంది? ఆనోడు (సెల్‌లో మైనస్ వైపు) పదార్థాన్ని పల్చటి రాగి రేకుమీద పూసి ఉంచుతారు. సెల్ బాగా అడుగంటి సున్నా వైపు జారుతుంటే ఆనోడు వోల్టేజీ ఉండవలసిన చోటు దాటి పైకి పోతుంది, రాగి కరిగి ఎలక్ట్రోలైటులో, అంటే సెల్ లోపలి ద్రవంలో, కలవడం మొదలవుతుంది. మళ్లీ చార్జ్ చేసినప్పుడు ఆ రాగి ఎక్కడినుంచి వచ్చిందో అక్కడికే బుద్ధిగా పోదు. దొరికిన చోట పేరుకుంటుంది, సన్నటి ముళ్లలా పెరుగుతుంది. ఆ ముల్లు మధ్యనున్న సెపరేటర్ పొరను గుచ్చితే లోపలే షార్ట్. అది ఆ రోజే జరగవలసిన పని లేదు. నెల తర్వాత, నిండా చార్జ్ అయి ఉన్నప్పుడు జరగవచ్చు.

అందుకే నేను చూసేది మొత్తం వోల్టేజీని కాదు, నాలుగింటిలో అన్నిటికంటే బలహీనమైన సెల్‌ను. మొత్తం 9.6 ఉందంటే సెల్‌కు 2.4 చొప్పున ఉందని సంతోషపడతారు. అది 3.0, 3.0, 3.0, 0.6 కూడా కావచ్చు. కూడితే అంతే.

నేను పెట్టుకున్న హద్దులు చెబుతాను. మీ తయారీదారు పత్రంలో ఇంకా కఠినంగా ఉంటే దాన్నే పాటించండి. అతి తక్కువ సెల్ 2.5 పైన ఉంటే భయం లేదు. 2 నుంచి 2.5 మధ్య ఉంటే నెమ్మదిగా లేపితే సాధారణంగా బాగానే ఉంటుంది. ఒకటికీ రెండుకూ మధ్య అయితే అది అక్కడ ఎన్నాళ్లు ఉందన్నది తేలాలి. ఒకటి రెండు రోజులైతే ప్రయత్నిస్తాను, వారాలైతే 1.5 కింద ఉన్నదాన్ని ముట్టుకోను. ఒక వోల్టు కిందికి పోయిన సెల్‌ను ఎంత ఖరీదైనదైనా వదిలేస్తాను. మీటరు మైనస్ గుర్తు చూపిస్తే, అంటే మిగతా మూడూ కలిసి దాన్ని తలకిందులు చేసి ఉంటే, ఇక మాట్లాడుకోవడానికేమీ లేదు. ఇవన్నీ ఐరన్ ఫాస్ఫేటుకు చెప్పినవి. పాత విద్యుత్ కారు నుంచి విప్పి తెచ్చిన నికెల్ మాంగనీస్ కోబాల్ట్ సెల్‌లు వాడుతున్నవాళ్లు ఈ అంకెలను తమకు వర్తింపజేసుకోవద్దు. అవి అంటుకుంటే ఐరన్ ఫాస్ఫేటు కంటే చాలా ఉగ్రంగా కాలతాయి. అవి రెండు వోల్టుల కిందికి వెళ్తే నేను దగ్గరికే పోను.

సరే, సెల్ వోల్టేజీలు తెలిసేదెలా? మూతకు మరలు ఉన్న డబ్బా అయితే తెరిచి సెల్‌లను కలిపే లోహపు పట్టీల (బస్ బార్ల) మీద నేరుగా కొలవండి. ఉంగరాలు, గడియారం తీసేసి. అతికించేసిన డబ్బాను కోయకండి. నేను ఒకసారి చిన్న రంపంతో కోశాను. బ్లేడు ఎక్కడో రెండు లోహాలను కలిపింది, టప్‌మని నీలి మెరుపు, చూస్తే బ్లేడుకు అర అంగుళం పళ్లు లేవు. అతికించిన డబ్బా అయితే బ్లూటూత్ యాప్ ద్వారానే తెలియాలి. బోర్డు మేలుకుంటే గాని అది పలకదు, కాబట్టి కొద్దిగా కరెంటు ఇచ్చి చూడటమే దారి.

ఆ పని వ్యానులో చేయకండి. బ్యాటరీలను దింపి, ఆరుబయటో గాలి ఆడే షెడ్డులోనో సిమెంటు నేలమీద పెట్టండి, చుట్టూ కాలేదేమీ లేకుండా. డబ్బా పక్కలకు ఒక స్టీలు స్కేలు ఆనించి చూడండి. మధ్యలో ఉబ్బి స్కేలు ఊగుతుంటే అక్కడితో ఆపండి. తియ్యటి వాసన, నెయిల్ పాలిష్ సీసా మూత తీసినట్టు, వచ్చినా అంతే. బ్యాటరీ చల్లగా ఉంటే ముందు దాన్ని గది వేడికి రానివ్వండి. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లిథియం ఆనోడులోకి ఇంకకుండా పైనే లోహంగా పేరుకుంటుంది, అదింకో తలనొప్పి.

అన్నిటికంటే మంచి పనిముట్టు బెంచ్ పవర్ సప్లై, అంటే వోల్టేజీనీ కరెంటునూ విడివిడిగా తిప్పి పెట్టుకోగలిగేది. ఏమీ కలపకముందే వోల్టేజీని 14.0 దగ్గర పెట్టండి. తర్వాత కరెంటు పరిమితిని 2 ఆంపియర్లకు దించండి. 100 ఏహెచ్ బ్యాటరీకి ఇది యాభయ్యో వంతు, అడుగంటిన సెల్‌కు చెంచాతో జావ తాగించినట్టు. ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్, రెండుసార్లు చూసుకుని కలపండి.

కలిపిన క్షణంలో సప్లై మీది అంకెను గమనించండి. తలుపు మూసి ఉన్నా చార్జింగ్ వైపు కరెంటు వెళ్లడానికి చాలా బోర్డుల్లో మాస్‌ఫెట్‌లోనే ఉండే డయోడు, అంటే కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగం, సన్నటి దారి ఇస్తుంది. అందుకని 14.0 మీద ఉన్న సప్లై ఒక్కసారిగా పడిపోయి ఏ 10.4 దగ్గరో నిలుస్తుంది. అందులో డయోడు తినే అర వోల్టు నుంచి ముప్పావు వోల్టు తీసేస్తే మిగిలేదే నాలుగు సెల్‌ల మొత్తం. లోపలేముందో మీకు మొదటిసారి తెలిసేది అప్పుడే. యాప్ కూడా మేలుకుంటుంది. నాలుగు అంకెలూ కాగితం మీద రాసుకుని సప్లై ఆపేయండి. అంతా కలిపి ఒక నిమిషం. కొనసాగాలా వద్దా అన్నది ఆ కాగితాన్ని పైన చెప్పిన హద్దులతో పోల్చి తేల్చుకోండి.

కొనసాగించేటట్టయితే అవే 2 ఆంపియర్లతో అన్ని సెల్‌లూ 3 వోల్టులు దాటేదాకా నడపండి. ఈ దశలో వోల్టేజీ చకచకా పెరుగుతుంది. పెరగకుండా ఒక సెల్ మాత్రం ఉన్నచోటే కూర్చుంటే దాని చార్జ్ లోపలే కారిపోతోందని అర్థం. మధ్యమధ్యలో చేయి పెట్టి చూడండి. రెండు ఆంపియర్లకు వేడెక్కాల్సిన కారణమే లేదు, గోరువెచ్చగా అనిపించినా ఆపేయండి. అందరూ 3 దాటాక బోర్డు తలుపు పూర్తిగా తీస్తుంది, అప్పుడు మీ మామూలు చార్జర్ కూడా బ్యాటరీని గుర్తిస్తుంది. ఈ పని జరుగుతున్నంతసేపూ పక్కనే ఉండండి.

బెంచ్ సప్లై లేదంటారా? పాతకాలపు ఉపాయం ఒకటుంది, నాకు ఇష్టం కూడా. బాగున్న 12 వోల్టుల బ్యాటరీకీ దీనికీ మధ్య, ప్లస్ వైరులో, 5 ఆంపియర్ల ఫ్యూజునూ 21 వాట్ల ఇండికేటర్ బల్బునూ వరుసగా పెట్టండి. బల్బే కాపలా. ఏం జరిగినా రెండు ఆంపియర్లకు మించి పోనివ్వదు. పైగా చూపులకే సంగతి చెబుతుంది. లోపల తొమ్మిదో పదో వోల్టులుంటే బల్బులో తీగ ఆరిపోతున్న నిప్పులా ఎర్రగా కనబడుతుంది, ఆంపియరు లోపే వెళుతోందని అర్థం. బల్బు పూర్తి కాంతితో తెల్లగా వెలిగితే మాత్రం సంబరపడకండి. అవతల వోల్టేజీ ఏమీ లేదని, దాదాపు షార్టని చెబుతోంది. వెంటనే ఊడదీయండి.

జంపర్ వైర్లతో తేడా ఏమిటో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. మధ్యలో బల్బు లేదు. ఇంజిను నడుస్తుంటే అటువైపు 14 వోల్టులు, ఇటువైపు 10. దారిలో నిరోధం మొత్తం కలిపినా 0.03 ఓములు ఉంటే ఎక్కువ. నాలుగు వోల్టుల తేడాకు నూట ముప్పై ఆంపియర్లు. రెండు తీసుకోవలసిన సెల్ గొంతులో నూట ముప్పై పోయడం అన్నమాట. తలుపు తెరుచుకునే లోపు అదంతా ఆ చిన్న డయోడు గుండానే పోవాలి కాబట్టి బోర్డు కాలిపోవచ్చు. ఆ ఉధృతికి బోర్డు హడలి మధ్యలో మళ్లీ తలుపు మూసేస్తే, ఇంజినుతో తిరిగి కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి పొంగిన వోల్టేజీకి పోవడానికి చోటుండదు. ఆల్టర్నేటర్ డయోడ్లు, వ్యానులో మిగతా ఎలక్ట్రానిక్స్ దెబ్బతింటాయి.

సోలార్ ప్యానెల్‌ను నేరుగా తగిలించడం కూడా వద్దు. 12 వోల్టులదని అమ్మే ప్యానెల్ భారం లేనప్పుడు 20 దాటి ఉంటుంది. లెడ్ యాసిడ్ చార్జర్లలో సల్ఫేషన్ పోగొట్టే మోడ్, ఈక్వలైజ్ మోడ్ ఉంటాయి, అవి 15 వోల్టులు దాటించి కొడతాయి. వాటితో లేపానని చెప్పేవాళ్లున్నారు, వాళ్ల ధైర్యం వాళ్లది. బోర్డును తప్పించి సెల్‌ల మీదికే వైర్లు వేయమని కూడా ఎవరో ఒకరు చెబుతారు. ప్రతి సెల్‌కూ విడిగా మీటరు పెట్టి కూర్చునే వాళ్లు చేయవలసిన పని అది, మిగతావాళ్లది కాదు.

లేచాక ఒక కొత్త ఫిర్యాదు తప్పకుండా వస్తుంది: బ్యాటరీ 13.8 దగ్గరే చార్జింగ్ ఆపేస్తోంది, పాడైందేమో అని. చాలామటుకు పాడవలేదు. అడుగుదాకా వెళ్లొచ్చిన సెల్‌లు సమానంగా ఉండవు. యాప్‌లో 3.38, 3.40, 3.37, 3.65 అని కనబడితే ఆ నాలుగోది ముందే నిండిపోయి అందరికీ తలుపు మూయిస్తోందన్నమాట. బోర్డులోని బ్యాలెన్సర్ నిండిన సెల్ నుంచి ఏ 50 మిల్లీ ఆంపియర్లో వేడిగా వదిలేస్తుంది, అంతే దాని శక్తి. రెండు ఏహెచ్ తేడా సరిచేయడానికి నలభై గంటలు. చార్జర్ వోల్టేజీని కొంచెం తగ్గించి, 13.8 నుంచి 14.0 మధ్య పట్టి, రెండు మూడు రోజులు ఓపిక పట్టండి.

తర్వాత పరీక్షలు. నిండా చార్జ్ చేసి, షంట్ మీటరు (ఎన్ని ఏహెచ్ వెళ్లాయో లెక్కపెట్టేది) పెట్టి, 20 ఆంపియర్ల భారంతో ఖాళీ చేసి ఎన్ని ఏహెచ్ వచ్చాయో చూడండి. 80 పైన వస్తే వ్యానుకు పనికొస్తుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. నేను రెండో పరీక్షను ఎక్కువ నమ్ముతాను: బ్యాటరీని అన్నిటినుంచీ విడదీసి రెండు వారాలు వదిలేసి, ముందూ తర్వాతా నాలుగు సెల్‌లను మిల్లీ వోల్టు దాకా కొలవడం. ఇందులో ఒక మెలిక ఉంది. ఐరన్ ఫాస్ఫేటు వోల్టేజీ మధ్యలో బల్లపరుపుగా ఉంటుంది, సగం చార్జ్ మీద పెడితే సెల్ కొన్ని ఏహెచ్ పోగొట్టుకున్నా మీటరులో తేడా తెలియదు. పది, పదిహేను శాతం దగ్గర పెడితే ఏటవాలు మీద ఉంటుంది కాబట్టి కారుతున్న సెల్ వెంటనే బయటపడుతుంది. బోర్డు కొంత తింటుంది గనక మూడు నాలుగు రోజులకొకసారి చూస్తూ ఉండండి. నాలుగూ కలిసి దిగితే మామూలే, ఒక్కటే మిగతావాటిని వదిలి కిందికి పోతే ఆ డబ్బా వ్యానెక్కకూడదు.

ఈ రెండో పరీక్ష మీద నాకింత పట్టుదల ఊరికే రాలేదు. కొన్నేళ్ల కిందట ఒక డబ్బాలో ఒక సెల్ 0.7 దగ్గర దొరికింది. కొత్తది కొనడానికి మనసొప్పక, రోజంతా ఒక్క ఆంపియరుతో లేపాను. ఏహెచ్ పరీక్షలో 91 వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయి వ్యానులో పెట్టేశాను. ఆరో వారంలో ఒక రాత్రి సీటు కింద చెప్పులు వెతుకుతుంటే డబ్బా చేతికి వెచ్చగా తగిలింది. ఏ చార్జరూ లేదు, ఏ భారమూ లేదు. యాప్ తెరిస్తే మూడు సెల్‌లు 3.33, ఆ ఒక్కటీ 2.91, నేను చూస్తుండగానే 2.90. చెప్పులు లేకుండానే దాన్ని మోసుకెళ్లి దూరంగా మట్టిలో పెట్టి తెల్లారేదాకా చూస్తూ కూర్చున్నాను. ఏమీ కాలేదు. ఒక వోల్టు హద్దు ఆ రాత్రి పెట్టుకున్నదే.

రెండూ బాగున్నాయని తేలాక కూడా వెంటనే సమాంతరంగా కలపకండి. ఒకదాన్ని నిండా, రెండోదాన్ని నిండా విడివిడిగా చార్జ్ చేసి, కొన్ని గంటలు ఆగనిచ్చి, అప్పుడు కలపండి. వోల్టేజీలు దగ్గరగా ఉన్నాయి కదా అని సగం మీద కలిపితే, ఆ బల్లపరుపు మోసం ఇక్కడా ఉంటుంది.

ఈసారి వ్యాను నిలిపేటప్పుడు బ్యాటరీలను సగానికి కాస్త పైన ఉంచి, మెయిన్ స్విచ్‌తో అన్నిటినీ విడదీయండి. గ్యాస్ అలారం, రేడియో లాంటివి కొన్ని వ్యాన్లలో మెయిన్ స్విచ్‌కు ముందే కలిపి ఉంటాయి. స్విచ్ ఆపాక, వైరు విప్పకుండానే కరెంటు కొలిచే క్లాంప్ మీటరుతో ఒకసారి చూసుకోండి, నెలకొకసారి యాప్ తెరవండి. ఇన్వర్టర్‌కూ మిగతా భారాలకూ 12.0 దగ్గర ఆగేలా విడిగా కటాఫ్ పెట్టండి. అప్పటికి ఇంకా పదో వంతుకు అటూ ఇటూగా మిగిలి ఉంటుంది, కాపలా బోర్డు కొన్ని వారాలు తిన్నా సరిపోతుంది.

ఇన్వర్టర్ ఆపే వెళ్లారో లేదో గుర్తుచేసుకుని చెప్పండి. ఒక నిమిషం కరెంటు ఇచ్చాక కనబడిన నాలుగు సెల్ అంకెలను, రెండు డబ్బాలకూ విడివిడిగా, రాయండి. 1.8 చూపించిన దానితోనే మొదలుపెట్టండి.